డబ్బాలోని భాగములు

ధ్యానభాగము: 1 కొరింథీయులకు 12:14–26



పాత యంత్రమును విప్పిన వారందరికిని తెలిసిన సంగతి యొకటి కలదు. విప్పుట సులభము. మరల కూర్చునప్పుడే చేతిలో ఒక ముక్క మిగులును. అది ఏమిటో తెలియదు, ఎక్కడిదో తెలియదు. పని త్వరగా ముగించి ఇంటికి పోవలెనని ఉండును. అట్టి సమయమున ఆ ముక్కను ఏమి చేయుదుమో దానినిబట్టి మన హృదయము ఎట్టిదో బయలుపడును. ఈ నెల మా షెడ్డులో జరిగిన ఒక పనిని మీ యెదుట పెట్టగోరుచున్నాము. దానిలో మా తప్పిదము కలదు. దానిని దాచక చెప్పెదము.

మా ఆలయ ఆవరణములో తూర్పు గోడ ప్రక్కన ఒక రేకుల షెడ్డు కలదు. అందులో బహుకాలముగా ఒక పాత షెవర్లే లారీ నిలిచియున్నది. పూర్వము పుస్తకములను, మందులను, గుడారపు కూటముల సామానును ఊరూరికి చేరవేయుటకు దానిని వాడిరని పెద్దలు చెప్పుదురు. మేము ఈ సంఘమునకు వచ్చునాటికి కోళ్లు దాని సీటుమీద గ్రుడ్లు పెట్టుచుండెను. 2023 వేసవిలో మా యౌవనస్థులు వచ్చి, “అయ్యగారూ, ఈ లారీని బాగుచేసి కోత పండుగనాడు ఒక్కసారి నడిపిద్దామండి” అనిరి. దానిని రోడ్డుమీదికి తీసికొనిపోవుటకు కాగితములు లేవు. ఆ తలంపు ఎవరికిని లేదు. గేటునొద్దనుండి ఆలయ ద్వారము వరకు ధాన్యపు బస్తాలను మోసికొని వచ్చినచో చాలునని మేము సమ్మతించితిమి.

ఆ లారీ 1951వ సంవత్సరపు బండి. జనరల్ మోటార్స్ కంపెనీవారు 1928లో బొంబాయిలోని శివ్డీయందు కర్మాగారము పెట్టి, విదేశమునుండి వచ్చిన భాగములను అక్కడ కూర్చి బండ్లను తయారుచేయుచుండిరి. 1954లో ఆ పనిని నిలిపివేసిరి. మా లారీ ఆ కాలమునాటిది. దాని ఇంజనుకు ఒకే వరుసలో ఆరు సిలిండర్లు. వాటి మొత్తము పరిమాణము 216 ఘనపు అంగుళములు, అనగా సుమారు మూడున్నర లీటర్లు. ఈ ఇంజను 1937 మొదలుకొని 1953 వరకు షెవర్లే బండ్లలో వచ్చినది. కావున దానినిగూర్చిన పుస్తకములు నేటికిని దొరకుచున్నవి. మా యౌవనులలో ఒకడు విడిభాగముల బొమ్మలున్న పుస్తకమును సంపాదించి కాగితములమీద ముద్రించుకొని వచ్చెను.

అయితే ఆ ఇంజనును మాకు ముందే ఎవరో సగము విప్పి విడిచిపెట్టిరి. వారెవరో తెలియదు. వారు విడిచిన గురుతు ఒక కిరోసిన్ డబ్బా మాత్రమే. దాని నిండ మడ్డి, తుప్పు, ఇనుప ముక్కలు. ఏ ముక్కకును చీటి లేదు. చాపమీద కుమ్మరించి చూచితిమి. బోల్టులు, నట్లు, స్ప్రింగులు ఎవరికైనను తెలియును. వాటిని ఒక ప్రక్కకు తీసితిమి. తక్కినవి ముప్పది వరకు ఉండెను. వాటిని చూచి మేము అన్నమాట ఇది: “తెలియనివన్నీ పాత ఇనుప సామానువానికి వేసేయండి. చోటు ఖాళీ అవుతుంది.” ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడి. దీనియొద్దకు మరల వచ్చెదము.

ఆ వారమే మేము మరియొక పని చేయుచుంటిమి. సంవత్సరాంతపు సభకు ముందుగా సంఘ సభ్యుల పట్టీని సరిచూచుచుంటిమి. కొన్ని సంవత్సరములుగా చందా ఇయ్యనివారు, ప్రభురాత్రి భోజనమునకు రానివారు ఎవరెవరని పెద్దలతో కలిసి లెక్కించి, తీసివేయవలసిన పేర్లను వేరొక కాగితముమీద వ్రాసితిమి. పదకొండు పేర్లు వచ్చెను. దానిని మడిచి బల్ల సొరుగులో పెట్టి, సాయంకాలము షెడ్డుకు పోయితిమి. ఈ రెండు పనులకును సంబంధమున్నదని ఆ దినమున మాకు తోచలేదు.

ఇనుప సామానువానికి వేయుటకు ముందు ఒక యౌవనుడు అడ్డుపడెను. అతడు పట్టణములో ట్రాక్టర్ల షెడ్డులో పనిచేయువాడు. “కడగకుండా ఎలా తెలుస్తుందండి? ముందు కడుగుదాం” అనెను. అతడు కిరోసినులో ఒక్కొక్క ముక్కను నానబెట్టి కుంచెతో తోమి, మాకు చదువు చెప్పినట్లు చెప్పెను. తెలియని భాగము తన పనిని తానే చెప్పునట. పొడిగానుండు నల్లని మసి పట్టియున్నయెడల అది పొగ పోవు త్రోవలోనిది. తెల్లని సున్నపు పొర కట్టియున్నయెడల అది నీళ్లు తిరుగు చోటుది. పసుపుపచ్చని జిగురు అంటియున్నయెడల అది పెట్రోలు తాకినది. జిడ్డుగానుండు నల్లని ఆయిలు మడ్డి ఉన్నయెడల అది ఇంజను కడుపులోనిది. ఏ అంచు మెరయుచున్నదో ఆ అంచున మరియొక భాగము రాసుకొనియున్నది. దేనితో రాసుకొనెనో కనిపెట్టినయెడల దాని చోటు తెలిసినట్లే.

ఈ విధముగా చూచుచు పోగా, గడియారపు స్ప్రింగువలె చుట్ట చుట్టుకొనియున్న ఒక రేకు దొరికెను. దానిమీద మసి యున్నది. పుస్తకములోని బొమ్మలతో పోల్చి చూడగా, పొగ గొట్టములోని ఒక చిన్న తలుపును త్రిప్పు చుట్ట యది. ఇంజను చల్లగానున్న వేళ ఆ తలుపు వేడి పొగను కార్బొరేటర్ క్రిందికి మరలించి, పెట్రోలు ఆవిరియగుటకు సహాయము చేయును. ఇంజను వేడెక్కిన తరువాత చుట్ట బిగువు సడలి తలుపు తిరిగిపోవును. మరియొకటి గీతలును అంకెలును గల చిన్న పళ్లెము. అది డిస్ట్రిబ్యూటర్ క్రిందిది. ఆ కాలమున పెట్రోలు అంతట ఒకే తీరుగా ఉండెడిది కాదు. వచ్చిన పెట్రోలునుబట్టి నిప్పురవ్వ పడు వేళను కొంచెము ముందుకో వెనుకకో జరుపుటకు ఆ గీతలు పెట్టిరి. ఒక గంట క్రితము ఈ రెంటిని మేము పాత ఇనుముగా ఎంచితిమి!

ఇట్లు కొన్ని వారములు గడచెను. అన్నియు కాకపోయినను చాల భాగములు తమ తమ చోట్లకు చేరెను. అప్పుడు మేము పెద్ద తప్పు చేసితిమి. ఇంజను ప్రక్కనుండి బయలుదేరి క్రిందికి వ్రేలాడు గొట్టమొకటి మాకు కనబడెను. దాని చివర దేనికిని తగిలియుండలేదు; ఏటవాలుగా కోసినట్లు తెరచియుండెను. సైలెన్సర్ గొట్టము విరిగినదని ఒకరు, నీళ్ల గొట్టమని మరియొకరు అనిరి. కడిగి చూడలేదు, పుస్తకము తెరవలేదు. “నోరు తెరిచి ఉంటే దుమ్ము పోతుంది, మూసేయండి” అని మేమే చెప్పితిమి. వేపకొమ్మను చెక్కి, బిరడావలె సుత్తితో బిగించిరి. పైన ఆయిలు పోయు మూత కనబడకపోగా మరియొక బండి మూతను గట్టిగా బిగించితిమి. శుభ్రముగా పని జరిగినదని సంతోషించితిమి.

ఇంజను ప్రారంభమైన సాయంకాలము పిల్లలు కేకలు వేసిరి. ఆ సంతోషము అరగంట నిలిచెను. తరువాత పై కవరు అంచులనుండి ఆయిలు కారసాగెను. ఇంజను వెనుక భాగమున చుక్కలు పడెను. ఆయిలు కొలత చూచు కడ్డీ తనంతట తానే పైకి ఎగదన్నెను. రింగులు అరిగిపోయినవని, ఇంజనంతయు విప్పవలెనని తలంచితిమి. దానికగు వ్యయము కోత పండుగ కానుకలలో పెద్ద భాగము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. విధవరాండ్ర పిడికెడు బియ్యమునుండి వచ్చిన సొమ్మును తుప్పుపట్టిన లారీకి ఖర్చుచేయుట న్యాయమా అని మనస్సు గద్దించుచుండెను.

మరునాటి సాయంకాలము షెడ్డు గోడనొద్ద కూర్చుండు ఒక వృద్ధుడు లేచి మెల్లగా మాయొద్దకు వచ్చెను. అతడు చాల దినములుగా అక్కడ కూర్చుండుచుండెను. పనిలేక వచ్చి కూర్చున్నాడని మేము తలంచితిమి. అతని చూపు మందగించినది. చేతితో ఇంజను ప్రక్కను తడవుచు వచ్చి, ఆ బిరడా తగులగానే ఆగెను.

“అయ్యగారూ, దీని ముక్కు మూసేశారండి. ఇంక ఊపిరి ఎక్కడ తీసుకుంటుందండి?” అనెను.

ప్రియులారా, ఆ గొట్టము ఇంజను ఊపిరి గొట్టము. సిలిండరులో మంట పుట్టిన ప్రతిసారి కొంత పొగ, కొంత నీటి ఆవిరి రింగులను దాటి ఇంజను కడుపులోనికి దిగును. కొత్త ఇంజనులోనైనను అట్లే జరుగును. అది బయటికి పోవలెను. పోనియెడల ఆయిలుతో కలిసి మడ్డి కట్టును, కడుపులో ఒత్తిడి పెరుగును, ఎక్కడ సందు దొరికిన అక్కడ ఆయిలును వెలుపలికి త్రోయును. లారీ పరుగెత్తునప్పుడు ఆ గొట్టము ఏటవాలు నోటినొద్ద గాలి వేగముగా సాగుచు లోపలి ఆవిరిని లాగివేయును. పైమూతలోని సందులగుండ మంచి గాలి దిగును. 1960వ దశకమునుండి బండ్లలో ఆ ఆవిరిని తిరిగి ఇంజనులోనికే పంపి కాల్చివేయు ఏర్పాటు వచ్చెను. ఊపిరి గొట్టము నేలవైపు వ్రేలాడుట క్రమముగా నిలిచిపోయెను. కావున నేటి బండ్లను మాత్రమే చూచిన మా యౌవనులకు అది వింతగా నుండుటలో ఆశ్చర్యము లేదు. మాకును అది వింతయే. కాని వింతగా నున్నదానిని విరిగినదని తీర్పు తీర్చుటయే మా పాపము.

బిరడా ఊడదీసిరి. పై మూతను మార్చిరి. కవరు అంచుకు కొత్త గ్యాస్కెట్ వేసిరి. కారుట నిలిచెను. కానుకల సొమ్ములో ఒక చిన్న మొత్తము తప్ప వ్యయము కాలేదు.

ఇది మొదటి సంగతి. దేనికిని తగులుకొనక ఊరక వ్రేలాడుచున్నట్లు కనబడునది ఊరక యున్నదని తలంచవద్దు. సంఘములోను అట్టివారు కలరు. ఏ కమిటీలోను ఉండరు. ఏ పనికిని పేరు ఇయ్యరు. అయితే వారు మోకరించి ప్రార్థించినందుననే లోపలి కోపము, లోపలి పొగ వెలుపలికి పోవుచున్నది. మనము శుభ్రతకొరకని వారి నోరు మూయుదుము. కొంతకాలమునకు సంఘమంతట ఆయిలు కారును, ఎక్కడనుండి కారుచున్నదో తెలియదు. దేవుడు మొదటి మనుష్యుని మట్టితో చేసి, నాసికా రంధ్రములలో తన ఊపిరిని ఊదిన తరువాతనే అతడు జీవించెనని ఆదికాండము రెండవ అధ్యాయములో చదువుచున్నాము. ఊపిరి త్రోవ చూపునకు చిన్నది. అది మూసిన దేహము నిలువదు.

తరువాత ఆ వృద్ధుడు మాతో, “టక్కుటక్కుమని శబ్దం వస్తోందండి. మూడో రాడ్డు దగ్గర. కింద చాంబరు దించి చూడండి” అనెను. మేము దినమెల్ల ప్రక్కననే నిలిచియుండియు ఆ శబ్దమును వినలేదు. అతడు గోడనొద్ద కూర్చుండి వినెను. ఎట్లు తెలిసెనని అడిగితిమి. చిన్ననాట ఒక రైసుమిల్లు వారి లారీమీద క్లీనరుగా పనిచేసెనట. ఆ లారీ ఇట్టిదేయట. “మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు పెద్దాయనా?” అంటిమి. అతడు తల వంచుకొని, “తమరు అడగలేదు గదండీ” అనెను.

ఆయిలు చాంబరును దించితిమి. ఈ ఇంజను కడుపులో ఒక చిత్రమైన ఏర్పాటు కలదు. నేటి ఇంజనులలో పంపు ఆయిలును బలముగా ప్రతి బేరింగునకును పంపును. ఈ పాత ఇంజనులో అట్లు కాదు. క్రాంకు ప్రధాన బేరింగులకు పంపు ఆయిలు పంపును గాని కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు పంపదు. ప్రతి రాడ్డు క్రింద, చాంబరులో, ఒక చిన్న తొట్టి యుండును. ప్రతి రాడ్డు అడుగున ఒక చిన్న గరిటె యుండును. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు ఆ గరిటె తొట్టిలో మునిగి ఆయిలును తోడుకొనును. వేగముగా తిరుగునప్పుడు సన్నని గొట్టమునుండి చిమ్ము ఆయిలు ధారను ఆ గరిటె ఎదురుగా పట్టుకొనును. రాడ్డులో పోసిన మెత్తని తెల్ల లోహమును కరగిపోకుండ కాపాడునది ఆ గరిటెడు ఆయిలే. మా యౌవనులు ఆయిలు ముల్లు పదిహేను పౌన్లు దాటుట లేదని పంపును నిందించుచుండిరి. ఈ ఇంజనుకు ముల్లు తక్కువ చూపుటయే స్వభావము.

ఆ వృద్ధుడు చాపమీద వెల్లకిల పండుకొని, చేయి పైకి చాచి, ఒక్కొక్క గరిటెను వేలితో తడవెను. మూడవదానియొద్ద ఆగి, “ఇది తిరగేసి బిగించారండి” అనెను. నిజమే. పూర్వము ఎవరో దానిని వెనుకకు త్రిప్పి బిగించిరి. గరిటె యున్నది, బోల్టు బిగిసియున్నది, కాని దాని నోరు ఆయిలు వచ్చు వైపునకు లేదు. అందుచేత ఆ రాడ్డు లోహము కొంత అరిగి వదులైనది. రాడ్డు మూతక్రింద పలుచని రేకులుండును. వాటిలో ఒకటి తీసి సందును సరిచేసి, గరిటెను సరియైన ముఖముగా బిగించిరి. ఇంకొక గంట నడిపియున్నయెడల ఏమి జరిగియుండెడిదో అతడు చెప్పలేదు. మేమును అడుగలేదు.

ఇది రెండవ సంగతి. పౌలు కొరింథీ సంఘమునకు వ్రాయుచు, బలహీనములుగా కనబడు అవయవములే మరి అవశ్యములని బోధించుచున్నాడు. లారీని చూచువారు రంగును చూతురు, దీపములను చూతురు. కడుపులోని గరిటెను ఎవరును చూడరు. అది తిరుగబడియున్నను ఎవరికిని తెలియదు. సంఘములో ఒకడు తన చోటనే యుండవచ్చును, బిగిసియే యుండవచ్చును, అయినను అతనికి ఏమియు అందకపోవచ్చును. అతడు లోలోపల అరిగిపోవుచు చిన్న శబ్దము చేయును. ఆ శబ్దమును సణుగుడని మనము అందుము. సహోదరులారా, సణుగుడు వినబడినప్పుడు మనిషిని గద్దించుటకు ముందు అతనికి ఆయిలు అందుచున్నదా అని చూడుడి. అతని ముఖమును తిరగేసి బిగించినది మనమే కావచ్చును.

ఇక మూడవ సంగతి. ఇంజను దిమ్మెను తోమినప్పుడు దానిమీద పోతలోనే లేచివచ్చిన అంకెలు కనబడెను. యౌవనులు సంతోషించి, ఈ అంకెతో అంతయు తెలియుననిరి. కొంతవరకు అది నిజము. ఆ కంపెనీవారు పోతపోసిన దినమునుకూడ దిమ్మెమీద గురుతు పెట్టెడివారు. ఒక ఆంగ్ల అక్షరము నెలను తెలుపును: ఏ అనగా జనవరి, బి అనగా ఫిబ్రవరి, ఈ వరుసలో ఎల్ అనగా డిసెంబరు. తరువాత తేదీ. చివర సంవత్సరపు కడపటి అంకె. మా దిమ్మెమీద సి అక్షరమును, చివర ఒకటియు ఉండెను. అనగా మార్చి నెల. కాని ఒకటి అనగా 1941 కావచ్చును, 1951 కావచ్చును. రెండు సంవత్సరములలోను 216 ఇంజను ఉండెను. లారీయొక్క తక్కిన గురుతులన్నిటిని కలిపి చూచిన తరువాతనే 1951 అని నిశ్చయించుకొంటిమి.

మరియొక మాట. పోత అంకె అచ్చును తెలుపును. ఒకే అచ్చులో పోసిన వాటిని వేరు వేరు విధములుగా తొలిచి, వేరు వేరు పనులకు వాడవచ్చును. కావున పోత అంకె ఒకటియైనంత మాత్రమున రెండు భాగములు ఒకటి కావు. పుస్తకములోని భాగము సంఖ్యకూడ అదే కానక్కరలేదు. అంకెను చదువవలెను, దానితోపాటు రంధ్రములను లెక్కించవలెను, కొలతలు తీయవలెను, అరిగిన గురుతులను చూడవలెను. అప్పుడే భాగమును ఎరిగినట్లు.

మనమును మనుష్యులను ఒక్క అంకెతో గుర్తించుచున్నాము. ఫలానా పేటవాడు, ఫలానా ఇంటివాడు, ఇంత చందా ఇచ్చువాడు. అచ్చును చూచి మనిషిని ఎరుగుదుమనుకొందుము. ప్రభువు అట్లు ఎరుగువాడు కాడు. తన ప్రజలను తన అరచేతులలో చెక్కుకొనియున్నాడని యెషయా ప్రవక్త 49వ అధ్యాయములో తెలుపుచున్నాడు. మంచి కాపరి తన గొఱ్ఱెలను మందగా గాక పేరు పెట్టి పిలుచునని యోహాను సువార్త 10వ అధ్యాయములో చదువుచున్నాము. మనలను పోసిన చేయియే మన అరుగుదలను కూడ ఎరుగును. ఎక్కడ రాసుకొని మెరసితిమో, ఎక్కడ మసి పట్టెనో, ఆయనకు తెలియును.

డబ్బాలోని తక్కిన ముక్కలను ఆ వృద్ధునియొద్ద పెట్టితిమి. ఒక్కొక్కదానిని చేత పట్టి, వాసన చూచి, వ్రేళ్లతో అంచు తడవి, ఇది ఇక్కడిది, అది అక్కడిదని చెప్పెను. చివరకు ఒకటి మిగిలెను. అది బొటనవ్రేలంత ఇనుప దిమ్మె. మధ్య ఒక రంధ్రము, ఒక ప్రక్క గాడి. చాలసేపు పట్టుకొని, “ఇది నాకు తెలీదండి” అనెను. ఒక కుఱ్ఱవాడు దానిని పారవేయబోగా అతడు చేయి పట్టుకొని, “తెలీదన్నాను గాని పారెయ్యమన్నానా బాబూ? ఉంచు” అనెను. ఆ ముక్క నేటికిని పేరు లేకయే మా షెడ్డు గూటిలో గుడ్డలో చుట్టబడియున్నది. అయిదువేలమంది తిని తృప్తిపొందిన తరువాత, ఏమియు నష్టపడకుండునట్లు మిగిలిన ముక్కలను పోగుచేయుడని ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెను గదా. మిగిలిన వాటిని ఏమి చేయవలెనో ఆయన మనకు నేర్పియున్నాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి సొరుగు తెరచితిమి. పదకొండు పేర్ల కాగితమును దీపమునొద్ద విప్పితిమి. మూడవ పేరు ఆ వృద్ధునిదే.

మేమే మా చేతితో వ్రాసితిమి. అతని ఇల్లు ఆలయమునకు నాలుగు వీధుల అవతల. రెండు సంవత్సరములుగా ఆరాధనకు రాలేదని వ్రాసితిమి. ఎందుకు రాలేదని అడుగలేదు. మరునాడు వెళ్లి అడిగితిమి. చూపు మందగించినందున సాయంకాలపు ఆరాధనకు త్రోవ కనబడదట. కానుక పళ్లెము తన యెదుటికి వచ్చినప్పుడు వేయుటకు చేతిలో ఏమియు లేక సిగ్గుపడి ఉదయము కూడ మానివేసెనట. అయినను ఆలయపు గంట వినబడు చోటనే కూర్చుండవలెనని ఆవరణపు గోడయొద్దకు వచ్చుచుండెనట. మేము అతనిని పనిలేని మనిషి అనుకొంటిమి. తెలియని గొట్టమునకు బిరడా కొట్టిన సుత్తితోనే ఆ పేరును కొట్టివేయబోతిమి.

తక్కిన పేర్లనుకూడ తీసికొని ఇంటింటికి బయలుదేరితిమి. ఒక సహోదరి కూలి పనికి పొరుగు జిల్లాకు పోయియున్నది. ప్రతి ఆదివారము అక్కడ ఒక చెట్టుక్రింద నలుగురు కూలివారితో ప్రార్థించుచున్నదట. ఒక సహోదరుడు పెద్దలలో ఒకరితో గట్టు తగవు పెట్టుకొని, ఆయన ముఖము చూడజాలక రాకుండెను. తొమ్మిదవ పేరుగల తల్లి తన కుమార్తెయొద్ద పట్టణములో ఎనిమిది నెలల క్రితమే ప్రభువునందు నిద్రించియుండెను. మాకు కబురు చేయలేదేమని ఆ కుమార్తెను అడిగితిమి. “అయ్యగారూ, మా అమ్మ మీకు గుర్తుందో లేదో అనుకున్నామండి” అని ఆమె చెప్పెను. సహోదరులారా, ఈ మాటకు మాయొద్ద జవాబు లేదు. ఇనుప భాగమును పారవేసినయెడల మరియొకటి వెదకి కొనవచ్చును. ఆ తల్లిని మేము ఎక్కడ వెదకుదుము?

కావున సంఘములలోని పెద్దలకును, మా తోటి కాపరులకును మేము చేయు మనవి ఇది. సంవత్సరాంతమున పట్టీలను సరిచూచుట తగును; క్రమము లేని సంఘము నిలువదు. అయితే కలము పట్టుటకు ముందు కిరోసినును కుంచెను పట్టుడి. అనగా, దగ్గరకు వెళ్లి, ఆ జీవితముమీది మసి యేదో, జిగురు యేదో ఓర్పుతో చూడుడి. అరిగిన చోటును చూడుడి. పుస్తకమును తెరచి చూడుడి. మన పుస్తకము పరిశుద్ధ గ్రంథము. ఎరిగినవారిని అడుగుడి, వారు గోడనొద్ద కూర్చుండియుండవచ్చును. అప్పటికిని తెలియనియెడల, తెలియదని ఒప్పుకొని, గుడ్డలో చుట్టి జాగ్రత్తచేయుడి.

తమ పేరు ఏ పట్టీలోను లేదని, తాము ఏ పనికిని రామని కృంగియున్న మీతోకూడ ఒక మాట. డబ్బా అడుగున మడ్డిలో పడియున్నంత మాత్రమున భాగము భాగము కాకపోదు. దాని చోటు యంత్రములో ఖాళీగానే యున్నది. మరియొకటి అక్కడ ఇమడదు. ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి మూలకు తలరాయి ఆయెనని 118వ కీర్తన చెప్పుచున్నది. అది మన ప్రభువుయందే నెరవేరెను. త్రోసివేయబడుట ఎట్టిదో ఆయన ఎరుగును. కావున లేచి రండి. చేతిలో కానుక లేకున్నను రండి. చూపు లేనివారిని చేయి పట్టి తీసికొనివచ్చుటకు మా యౌవనులను ఏర్పరచియున్నాము.

కోత పండుగనాడు లారీ నడిచినది. గేటునుండి ఆలయ ద్వారము వరకు నూరు గజములు ఉండవచ్చును. పండ్రెండు బస్తాల వడ్లు మోసెను. ట్రాక్టర్ల షెడ్డులో పనిచేయు యౌవనుడు నడిపెను. ప్రక్కన ఆ వృద్ధుడు కూర్చుండి శబ్దము వినుచుండెను. దిగిన తరువాత పిల్లలు అతని చేయి పట్టుకొని మొదటి వరుసలో కూర్చుండబెట్టిరి. కానుక పళ్లెము వచ్చినప్పుడు అతడు తన రెండు అరచేతులను దానిమీద ఒక్క క్షణము ఉంచి తీసెను. వాటికి ఇంకను ఆయిలు మరక లుండెను.

ఆ కాగితము ఇంకను మా సొరుగులో ఉన్నది. పదకొండు ఇండ్లలో ఏడింటికి వెళ్లితిమి. నాలుగు మిగిలియున్నవి. ఈ పత్రిక మీ చేతికి వచ్చునాటికి అవికూడ ముగియునట్లు మాకొరకు ప్రార్థించుడి.

తన శరీరములో ఒక అవయవమునైనను వ్యర్థముగా చేయని దేవుడు, ఒకరి నొకరము ఎరుగు మనస్సును మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.